మెత్తనిదే వేశావా

నల్ల వోల్గా కారు బానెట్ మీద నీలం టేపుతో మూడు గళ్ళు కట్టి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాని మీదికి వంగి నిలబడ్డారు. ఒక్కో గడి విప్పిన అరచెయ్యంత. మొదటి గడిలో మెత్తని ప్యాడ్, సన్న పాలిష్. రెండో గడిలో మధ్యరకం ప్యాడ్, అదే పాలిష్. మూడో గడిలో గట్టి ప్యాడ్, గరుకు కాంపౌండ్. మూడింటినీ లూబెన్ ఒకే వేగంతో నాలుగేసి చుట్లు తిప్పి, స్పిరిట్‌తో తుడిచాడు. తుడవకపోతే పాలిష్‌లోని నూనె గీతల్లో కూర్చుని, లేని నునుపు ఉన్నట్టు చూపిస్తుంది.

"మూడో గడి చూడు," అన్నాడు టార్చి లైటు ఏటవాలుగా పట్టి. "అద్దం. నీ మొహంలో ముడతలు లెక్కపెట్టుకోవచ్చు."

"నా ముడతలు లెక్కపెట్టడానికి బై రంగెల్ మనకి కారివ్వలేదు," అంది వెలికా. "మొదటిది చాలు."

"మొదటిదాంట్లో ఇంకా గీతలున్నాయి."

"ఉండనీ. యాభై ఏళ్ళ బండికి నాలుగు గీతలు లేకపోతే ఎవరు నమ్ముతారు?"

లూబెన్ జేబులోంచి రంగు మందం కొలిచే మీటరు తీసి బానెట్‌కి ఆనించాడు. అది చిన్నగా కూసింది. "నూటపది మైక్రాన్లు. బోలెడు మందం."

"ఆ నూటపదిలో రంగెంత, కింది పూత ప్రైమరెంత? అది చెబుతుందా నీ మీటరు?"

లూబెన్ మీటరు జేబులో వేసుకున్నాడు. మీటరు అది చెప్పదు. జర్మనీలో అతను పదకొండేళ్ళు పాలిష్ పట్టిన కార్లన్నిటికీ రంగు మీద గాజులాంటి వార్నిష్ పొర ఉంటుంది. గట్టి ప్యాడ్ పెట్టి ఎంత రుద్దినా ఆ పొర ఓర్చుకుంటుంది. ఈ వోల్గాకి ఆ పొర లేదు. రుద్దితే వచ్చేది రంగే. ఎంత సుతారంగా రుద్దినా ప్యాడ్ నల్లబడుతుంది, అందుకని ప్యాడ్ చూసి ఎంత పోయిందో చెప్పడానికీ లేదు. ఈ సంగతి వెలికాకి పుస్తకంలో చదివి తెలిసింది కాదు. ఇరవై ఏళ్ళ వయసులో మోటారు డిపో రంగుల షెడ్డులో ఇలాంటి బళ్ళనే ఫ్లానెల్ గుడ్డతో, చేత్తో రుద్దింది. బొటనవేలు కింద రంగు వేడెక్కితే ఆగిపోవాలని అక్కడే నేర్చుకుంది.

"సరే," అన్నాడు లూబెన్ చివరికి. "మెత్తనిదే. నారింజ రంగు ప్యాడ్, సన్న పాలిష్. కానీ ఆదివారానికి పూర్తి కాకపోతే నన్ననకు."

"అనను."

ఆదివారం గులాబీల పండగ ఊరేగింపు. పాత కార్ల క్లబ్బు వాళ్ళు ఏటా తమ బళ్ళతో వెళతారు, ముందు బండి బై రంగెల్ వోల్గా. పేరు ముందు 'బై' అంటే ఇక్కడ పెద్దవాళ్ళని గౌరవంగా పిలవడం. ఆయన గడియారాల మేస్త్రీగా రిటైరయ్యాడు, క్లబ్బుకి పెద్ద. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆ మనిషి తాళాలిస్తూ ఒక్కటే చెప్పాడు. ఇది ఫ్యాక్టరీలో వేసిన రంగు. దీని మీద కొత్త రంగు చుక్క కూడా పడకూడదు. ఉన్నదే మెరవాలి. ఒకచోట అరిగి కింద ప్రైమరు బయటపడితే, మళ్ళీ రంగు వెయ్యక తప్పదు. రంగు వేస్తే అది ఇంక ఆ వోల్గా కాదు.

క్లబ్బులో పంతొమ్మిది బళ్ళున్నాయి. ఇది బాగా వస్తే మిగిలినవన్నీ ఈ గరాజుకే వస్తాయి, రెండేళ్ళ పని. మార్చిలో తలుపులు తెరిచిన ఈ గరాజుకి ఇప్పటిదాకా వచ్చినవి ఏడు బళ్ళు, అందులో రెండు చుట్టాలవి. పోయినవారం రొట్టె కోస్తూ లూబెన్ మామూలు గొంతుతో అన్నాడు, "వోల్గా బాగా వస్తే ఉంటాను. లేదంటే వచ్చే శనివారం జర్మనీ బస్సెక్కుతాను. కోలర్ గారు శనివారం దాకా నా పాత పని చోటు ఆపుతానన్నారు." కోలర్ అతని పాత యజమాని. స్టుట్‌గార్ట్ నుంచి వారానికోసారి ఫోను చేస్తాడు. అతను ఫోను చేసిన రోజు లూబెన్ బాల్కనీలో ఎక్కువసేపు నిలబడతాడు.

పదకొండేళ్ళు వెలికా ఒక్కతే ఆ ఇల్లు నడిపింది. మంచం మీద ఒక పక్క ఖాళీగా ఉండడానికి అలవాటు పడింది. ఫిబ్రవరిలో అతను తిరిగొచ్చాక ఆ అలవాటు పోవడానికి నెల పట్టింది. ఇప్పుడు మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలంటే తన వల్ల కాదని ఆమెకి తెలుసు. ఆ మాట అతనితో మాత్రం అనలేదు. "నీ ఇష్టం" అంది.

మంగళవారం సాయంత్రం పనైపోయాక వెలికా ప్యాడ్లన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, తొట్టెలో సబ్బు నీళ్ళు పోసి ఉతికింది. బాల్కనీ తీగ మీద దుప్పట్ల పక్కనే క్లిప్పులు పెట్టి ఆరేసింది. మర్నాడు పొద్దున్నే గరాజులో సొరుగులో సర్దేసింది.

బుధవారం తలుపులు, డిక్కీ అయ్యాయి. బాగా వచ్చాయి. నలుపు లోపల నుంచి ఇంకో నలుపు లేచినట్టు కనిపించింది. వెలికా ప్రతి తలుపు దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని కింద అంచులు చూసింది, వేలితో తడిమింది. "ఆస్పత్రిలో నర్సులా ఉన్నావు," అన్నాడు లూబెన్. "బండికి జ్వరం ఉందా?"

"లేదు. నీకే ఉన్నట్టుంది, మధ్యాహ్నం నుంచి ఈలలేస్తున్నావు."

గురువారం బానెట్. అన్నిటికంటే ఎండ తిన్నదీ, అన్నిటికంటే చేతులు పడిందీ అదే. మధ్యలో నిలువునా ఒక ఎత్తు గీత ఉంటుంది, కాగితం మడతలాగా. ఆ గీత మీద రంగు ఎప్పుడూ పలచగానే ఉంటుంది. వేసిన రోజే అక్కడి నుంచి పక్కలకి జారిపోతుంది. లూబెన్ దాని మీద టేపు వేశాడు. మిగతాదంతా అయ్యాక, ఆఖర్న టేపు తీసి చేత్తో రుద్దుతానన్నాడు. వెలికా సరేనని భోజనం తేవడానికి ఇంటికి వెళ్ళింది.

ఇల్లు పది నిమిషాల దూరం. చల్లటి దోసకాయ పెరుగు పులుసు కలిపి, వెల్లుల్లి నూరి వేసి, రొట్టె గుడ్డలో చుట్టి తిరిగొచ్చేసరికి గంటయింది. వీధి మలుపులోనే మెషిన్ చప్పుడు వినిపించింది. నిన్నటి చప్పుడులా లేదు. నిన్నటిది తేనెటీగల గుంపులా లోగొంతుతో వచ్చింది. ఇవాళ్టిది కాస్త పొడిగా, బుసగా ఉంది. లేక తనకే అలా అనిపిస్తోందో. ఈ వారమంతా కుళాయి చప్పుడు కూడా తేడాగానే వినిపిస్తోంది.

గరాజు తలుపులో ఆగింది. లూబెన్ చెవులకి మూతలు, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఎడమ పక్క నుంచి బానెట్ మీదికి వంగి ఉన్నాడు. బానెట్ అంతా పాలిష్ బూడిద పూతగా ఉంది. కింద ఏముందో కనబడదు. ఎత్తు గీత మీద టేపు లేదు.

"లూబో," అని గట్టిగా పిలిచింది. అతను తలెత్తి చూశాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. "మెత్తనిదే వేశావా?" అని అరిచింది, వేళ్ళతో పిసికినట్టు చూపిస్తూ.

లూబెన్ తల పైకీ కిందికీ ఊపి, మళ్ళీ పనిలోకి వంగాడు.

వెలికా పులుసు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఈ ఊళ్ళో తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. పుట్టినప్పటి నుంచి అంతే. లూబెన్‌కీ పుట్టినప్పటి నుంచి అంతే. కానీ జర్మనీ వెళ్ళిన మొదటి నెలలో మేస్త్రీ తల అడ్డంగా ఊపితే మనూరి లెక్కన అవుననుకుని, వద్దన్న తలుపుకి పాలిష్ పెట్టి తిట్లు తిన్నాడు. అప్పటి నుంచి తల ఊపడం తిరగేసుకున్నాడు. పదకొండేళ్ళకి అదే అలవాటయింది. తిరిగొచ్చిన కొత్తల్లో ఒకరోజు "పులుసు పోయనా?" అంటే నిలువుగా ఊపాడు. ఆమె గిన్నె తీసి లోపల పెట్టేసింది. అతను గంటసేపు ఆకలితో కూర్చుని, కోపం వచ్చిందేమోననుకున్నాడు. తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాతి వారం అతను తల పాత పద్ధతిలోకి తెచ్చుకున్నానన్నాడు, కానీ ఒకరోజు అలా ఒకరోజు ఇలా ఊపుతున్నాడు. ఇప్పుడు అతని తల ఏ దేశంలో ఉందో అతనికే తెలియదు. అందుకే ఇంట్లో తలలు ఊపకూడదు, నోటితో చెప్పాలి అని నియమం పెట్టుకున్నారు. మెషిన్ నడుస్తుంటే నోరు పనికిరాదు.

ఇక్కడి లెక్కన అయితే మెత్తనిది వెయ్యలేదు. అక్కడి లెక్కన అయితే వేశాడు. వెళ్ళి భుజం తట్టొచ్చు. తిరిగే మెషిన్ పట్టుకున్న మనిషిని వెనక నుంచి తడితే, అదిరిపడితే, ఒక్క క్షణం ప్యాడ్ ఒకేచోట ఆగితే చాలు. ఆపకుండా ఊరుకుంటే అతను ఎత్తు గీత వైపు వస్తున్నాడు. వరస వరసకీ వేలెడు దగ్గరికి. బుస చప్పుడు చెవిలో పెరుగుతోంది. తను నమ్మకపోతే అతనికి అవమానం, నమ్మితే బానెట్‌కి ముప్పు.

గిన్నె నేల మీద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

మెషిన్ మూలిగి ఆగింది. లూబెన్ అప్పటికే దాన్ని పైకెత్తేశాడు, అలవాటున్న చెయ్యి కదా. చెవి మూతలు మెడ మీదికి లాగి, "కరెంటు పోయిందా?" అన్నాడు. ఆమె చేతిలో వైరు చూశాడు.

"ఏమయింది?"

"అవునన్నావా కాదన్నావా?"

"ఏమిటీ?"

"మెత్తనిది వేశావా అంటే తలూపావు. ఏ ఊరి ఊపు అది?"

అతను ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు. మొహం ఎర్రబడింది. "వేశాను. నారింజదే వేశాను. నాకు పాలిష్ పట్టడం రాదనుకుంటున్నావా?"

"వస్తుంది. తలూపడమే రాదు."

"పదకొండేళ్ళు నా వెనక ఎవరూ ప్లగ్గు పట్టుకుని నిలబడలేదు, వెలికా."

"టేపెందుకు తీశావు మరి?"

"లేచిపోతోంది, పాలిష్ అంటుకుని. గీత మీద ఒక్క వరస తేలిగ్గా పోయాను, అంతే. మెత్తని ప్యాడ్‌తో ఏమవుతుంది?"

ఆమె స్పిరిట్ సీసా, గుడ్డ అతని చేతికిచ్చింది. అతను ఇష్టం లేకుండానే తుడవడం మొదలుపెట్టాడు. బూడిద పూత పోయి నలుపు బయటికొచ్చింది, చాలా నలుపు, చాలా మెరుపు. టార్చి వెయ్యగానే ఆ మెరుపులో వేలకి వేలు సన్న చుట్ల గీతలు, సాలీడు గూడులాగా కదిలాయి. మెత్తని ప్యాడ్ అలాంటి గీతలు పెట్టదు. అతను గుడ్డ ఎత్తు గీత మీదికి తెచ్చాడు, తుడిచాడు, చెయ్యి తీశాడు.

అగ్గిపుల్లంత పొడవున నలుపు కింద గోధుమరంగు నీడ. ఇంకా ప్రైమరు కాదు. దాని మీది ఆఖరి రంగు. ఇంకొక్క వరస పోయి ఉంటే అదీ ఉండేది కాదు.

లూబెన్ మెషిన్ తిప్పి పట్టుకుని ప్యాడ్ ఊడదీశాడు. పాలిష్ సీసా చూశాడు, సరైనదే. ప్యాడ్ బొటనవేలితో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చేతి తొడుగు తీసేసి నొక్కాడు. "ఇది గట్టిది," అన్నాడు. వెనక పక్క చూస్తే సోఫియా నుంచి తెప్పించినదాని ముద్ర ఉంది.

ఏప్రిల్‌లో సోఫియా నుంచి తెప్పించిన సెట్టులో నారింజ అంటే గట్టిది, తెలుపు మెత్తనిది. అతను జర్మనీ నుంచి తెచ్చుకున్న సెట్టులో నారింజ మెత్తనిది. రంగులు ఏ కంపెనీ వాడికి తోచినట్టు వాడు పెట్టుకుంటాడు. అందుకే ఆ రెండు సెట్లూ వేరువేరు సొరుగుల్లో ఉండేవి.

ఉండేవి. వెలికా సొరుగు వంక చూసింది. నిన్న పొద్దున్న తను రెండు సొరుగులూ ఒకటి చేసింది. నారింజవి నారింజవాటితో, తెల్లవి తెల్లవాటితో, ముచ్చటగా, ఇంట్లో తువ్వాళ్ళు సర్దినట్టు. అప్పుడే ఆరినవి కదా, నొక్కితే అన్నీ ఒకేలా బిరుసుగా ఉన్నాయి. నిన్న తలుపులకి మంచివి చేతికి రావడం అదృష్టం.

"చూడకుండా తీశాను," అంటున్నాడు లూబెన్. పాలిష్ డబ్బాల పెట్టె మీద కూర్చున్నాడు. "వెనక తిప్పి ఒక్కసారి చూస్తే సరిపోయేది. కోలర్ దగ్గరయితే ప్యాడ్ ఇంకొకడు తీసి చేతిలో పెడతాడు. నాకు పెట్టినదాన్ని తిప్పడమే తెలుసు. సొంతంగా నడపడం నా వల్ల కాదు, వెలికా. నాకు ముందే తెలుసు. బై రంగెల్‌కి నేనే చెబుతాను. శనివారం వెళ్ళిపోతాను."

కోపంగా అనలేదు. తేలికపడినట్టు అన్నాడు. అదే ఆమెని భయపెట్టింది.

చేతులు కడుక్కోవాలన్నట్టు కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు వదిలింది. చెప్పకపోతే ఏమవుతుంది? అతను సొరుగు సంగతి ఆలోచించడు. తన తప్పే అనుకుని బస్సెక్కుతాడు, ఎప్పటికీ అలాగే అనుకుంటాడు. చెబితే? ఇంట్లో బాయిలర్ పేలిపోయినప్పుడు బాగుచేయించాక చెప్పింది. అత్తగారు కాలు విరగ్గొట్టుకున్నప్పుడు కట్టు విప్పాక చెప్పింది. పదకొండేళ్ళ ఫోన్లలో "అంతా బాగుంది" తప్ప వేరే మాట లేదు. తప్పు చెయ్యని మనిషిగా ఉండడం ఆమె ఒంటికి పట్టేసింది. ఈ మాట చెప్పాక అతను వెళ్ళిపోతే, తన వల్ల వెళ్ళినట్టే.

కుళాయి కట్టేసింది.

"నువ్వు చూడకపోవడం కాదు," అంది, అటు తిరిగే. "నేను కలిపేశాను."

"ఏం కలిపావు?"

"ప్యాడ్లు. ఉతికి ఆరేశాక రంగుల ప్రకారం సర్దాను. రెండు సెట్లూ ఒక సొరుగులో. అందంగా ఉంటుందని."

తిరిగి చూస్తే అతను సొరుగు లాగి చూస్తున్నాడు. ఒక్కో ప్యాడ్ తీసి వెనక తిప్పుతున్నాడు. సోఫియా, స్టుట్‌గార్ట్, సోఫియా, సోఫియా.

"అందంగానే ఉంది," అన్నాడు.

"తిట్టు."

"ఆగు, ఆలోచించుకోనీ. ఇన్నేళ్ళలో నాకు అవకాశం ఇవ్వలేదు నువ్వు. అలవాటు లేదు." బయటికి వెళ్ళి సిగరెట్టు వెలిగించాడు. వెలికా వోల్గా పక్కన నిలబడి అతని వీపు చూస్తూ ఉంది. ఒక సిగరెట్టు అయింది. ఇంకోటి వెలిగించాడు. అదీ అయింది. లోపలికొచ్చి నేల మీది గిన్నె తీసుకుని, పెట్టె మీద కూర్చుని పులుసు తాగడం మొదలుపెట్టాడు.

"వెల్లుల్లి ఎక్కువయింది," అన్నాడు.

"ఎక్కువే."

"ఉప్పూ లేదు."

"మరిచిపోయాను."

"ఇంకేమైనా ఉందా చెప్పాల్సింది? ఈ పదకొండేళ్ళలో? ఒకేసారి చెప్పెయ్యి, తింటూ వింటాను."

ఆమె ఆలోచించింది. "పోయిందన్నాను కదా నీ తోలు జాకెట్టు, పోలేదు. ఇస్త్రీ పెట్టె పెట్టి కాల్చేశాను."

లూబెన్ చెంచా ఆపి ఆమె వంక చూశాడు. నోట్లో పులుసు ఉండగా నవ్వొచ్చి దగ్గు పట్టుకుంది. ఆమె వీపు తట్టింది. అంతకుమించి నవ్వడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. బానెట్ అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నమంతా మెషిన్ ముట్టుకోలేదు. ఎత్తు గీత మీద కొత్త టేపు వేశారు, రెండు వరసలు. ఇంక దాన్ని ఎవరూ తాకకూడదు. మిగిలిన బానెట్ మీద చుట్ల గీతలు పోవాలి, అవి పోవడానికి ఎంత తక్కువ రంగు తీస్తే అంత మంచిది. ప్యాడ్లలో అన్నిటికంటే మెత్తని నల్లవి రెండు తీశాడు లూబెన్. ఒకటి తను చేత్తో పట్టుకున్నాడు, ఒకటి ఆమెకిచ్చాడు. ఆమె కాసేపు పట్టి చూసి పక్కన పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన పాత ఫ్లానెల్ ముక్క నాలుగు మడతలు వేసుకుంది.

"పాలిష్ ఏది?" అంది.

"అన్నిటికంటే సన్నది. బఠాణీ గింజంత చాలు."

"డిపోలో మేము సబ్బు ముక్క కూడా వాడేవాళ్ళం."

"మీరు డిపోలో ఏమేం వాడారో బై రంగెల్‌కి చెప్పకు."

చెరోపక్కా నిలబడి రుద్దారు. గుండ్రంగా కాదు, బండి పొడవునా, వచ్చిన దారినే వెనక్కి. ఆమె బొటనవేలు వేడెక్కినప్పుడల్లా ఆగింది. "ఆగు," అంటే అతను కూడా ఆగాడు. కొంతసేపటికి అతను మీటరు తియ్యడం మానేశాడు. చేతులు పడిపోతున్నాయి. ఎండ తలుపులోంచి బానెట్ మీదికి వచ్చినప్పుడు ఇద్దరూ వంగి చూశారు. గీతలు చాలావరకు పోయాయి. కుడి పక్క కొన్ని మిగిలాయి. వాటిని వదిలేద్దామని ఆమె అనలేదు, అతనే అన్నాడు.

శుక్రవారం పది గంటలకి బై రంగెల్ వచ్చాడు. చేతిలో చెర్రీపళ్ళ సంచి.

"మా దొర ఎలా ఉన్నాడు?" అన్నాడు తలుపులోనే, వోల్గాని చూస్తూ.

వెలికా రాత్రి పడుకుని అనుకున్న మాటలన్నీ పోయాయి. "బై రంగెల్, బానెట్ మీద తప్పు జరిగింది. ముందు అది చూడండి. తర్వాత తక్కినవి చూద్దురుగాని."

ఆయన సంచి లూబెన్ చేతికిచ్చి, చొక్కా జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. వెలికా టేపు ఊడదీసిన ఎత్తు గీత మీదికి వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ప్రైమరు కాదిది."

"కాదు," అన్నాడు లూబెన్. "దాని ముందుది."

"ఎవరి చెయ్యి?"

"చెయ్యి నాది," అన్నాడు లూబెన్.

"ప్యాడ్ తారుమారు చేసింది నేను," అంది వెలికా.

"ఆపింది కూడా తనే. ప్లగ్గు పీకింది."

ముసలాయన భూతద్దం తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "దీని మీద రాసే రంగు పెన్నులు దొరుకుతాయి కదా. చుక్క పెడితే నాకు తెలిసేదా?"

"మీ జేబులో ఆ అద్దం ఉంటుందని ఊరంతా తెలుసు," అంది వెలికా.

ఆయన నవ్వలేదు. బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. తలుపుల దగ్గర ఆగాడు, డిక్కీ దగ్గర ఇంకా ఎక్కువ ఆగాడు. అక్కడ తన మొహం చూసుకుని వెంట్రుకలు సర్దుకున్నాడు. మళ్ళీ బానెట్ దగ్గరికొచ్చి టేపు వదిలిన జిగురు గోటితో గీరాడు.

"నేను క్లబ్బులో జరిగింది జరిగినట్టు చెబుతాను," అన్నాడు. "దాచను, పొగడను. మిన్చో రాడు. వాడు తన బండిని పెళ్ళాం చేత కూడా తుడిపించడు. చాలామంది రారు. ఇద్దరు ముగ్గురు రావచ్చు. ప్లగ్గు పీకారంటే వాళ్ళకి నచ్చవచ్చు, చెప్పలేను." తాళాలు తీసుకున్నాడు. "చలికాలం ముందు దీనికి మైనం పెట్టాలి. మీ దగ్గరికే తెస్తాను. బానెట్ మాత్రం ముట్టుకోకండి. నేను పోయేదాకా ఎవరూ ముట్టుకోకండి."

వోల్గా పొగ వదులుతూ మలుపు తిరిగింది. లూబెన్ చెర్రీల సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

పంతొమ్మిది కాదు, ఇద్దరు ముగ్గురు. అదీ రావచ్చు. వెలికా నేల ఊడవడం మొదలుపెట్టింది. రేపు శనివారం. ఇవాళ ఇంటికెళ్ళాక అతని చొక్కాలు ఉతకాలా, అక్కర్లేదా? ఎలా అడగాలి? అడిగితే సమాధానం వస్తుంది, అదే భయం. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

లూబెన్ ఫోను తీసి బయట గోడ దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి జర్మన్ వినిపించింది. ఆమెకి ఆ భాష రాదు. పదకొండేళ్ళలో కొన్ని మాటలు చెవిన పడ్డాయి అంతే. నమస్కారం, బాగున్నారా, రోజుల పేర్లు. అతను ఏదో అడిగాడు. అవతల కోలర్ పొడుగ్గా మాట్లాడాడు. అప్పుడు లూబెన్ "శనివారం" అన్నాడు. ఆ మాట ఆమెకి తెలుసు. మళ్ళీ అన్నాడు, శనివారం, ఒప్పుకున్నట్టుగా. తర్వాత బస్సు. బస్సు మాట ఏ భాషలోనైనా అదే.

చీపురు గోడకి ఆనించింది. ఆప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. సరే. చొక్కాలు ఉతకాలి. ఇప్పుడే వెళితే సాయంత్రానికి ఆరతాయి.

లూబెన్ ఫోను జేబులో వేసుకుంటూ లోపలికొచ్చాడు. ఆమె మొహం చూసి ఆగాడు.

"ఏమిటలా ఉన్నావు?"

"శనివారం అన్నావు."

"అవును. శనివారం బస్సు బయల్దేరుతుంది కదా అక్కడి నుంచి. డ్రైవరు చేతికిచ్చి పంపుతానన్నాడు. సోమవారం బస్టాండుకెళ్ళి తెచ్చుకోవాలి."

"ఏం పంపుతాడు?"

"ప్యాడ్లు. ముప్పై. అన్నీ ఒకే కంపెనీవి. పాత బళ్ళకి సరిపోయే మెత్తనివి ఉన్నాయట. నా చోటు ఇంకొకళ్ళకి ఇచ్చెయ్యమన్నాను. కాస్త గొణిగాడు." చెర్రీ ఒకటి నోట్లో వేసుకుని గింజ అరచేతిలోకి ఊశాడు. "సోఫియావి చుట్టాల బళ్ళకి వాడుకుందాం."

వెలికా పెట్టె మీద కూర్చుంది. లూబెన్ చెర్రీల సంచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఏ రంగువి?" అంది.

"ఏవి?"

"ఆ ముప్పై. మెత్తనివి. ఏ రంగువి పంపుతున్నాడు?"

లూబెన్ చెప్పబోయి నోరు తెరిచాడు. ఆగాడు. చేతిలో గింజ పారేసి, జేబులోంచి ఫోను తీసి మళ్ళీ కోలర్‌కి కలిపాడు.